62 కిలోల బుక్కులు అమెరికా పంపాలంటే: విజయనగరం నుంచి వేసిన లెక్కలు

మా చెల్లి డాలస్‌లో ఉంటుంది. నాన్న తెలుగు పండితుడిగా టెక్కలిలో, నరసన్నపేటలో, చివర్న విజయనగరంలో చేసి రిటైరయ్యారు, ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే "అన్నయ్యా, ఇంకేమీ వద్దు, నాన్న బుక్కుల్లో సగం నాకు పంపించు" అంది. అదెంత పని అనుకున్నాను. సగం తీసి గోనెసంచుల్లో కట్టి ఆటోలో వేసుకెళ్లి వీధి చివర పాతసామాన్ల కొట్లో కాటా మీద పెడితే 62 కిలోలు తూగింది. కొట్టతను "పాత కాయితాల రేటేనండి బాబూ, ఎక్కువ అడక్కండి" అన్నాడు, అమ్మడానికి తెచ్చాననుకున్నాడు పాపం.

అక్కణ్నుంచి నేరుగా ఒక కొరియర్ ఏజెంటు దగ్గరికి వెళ్లాను. మన ఊళ్లల్లో ఇప్పుడు వీధికో బోర్డు ఉంటుంది కదా, అమెరికాకి పచ్చళ్లు, స్వీట్లు, మందులు పంపబడును అని. కిలోకి ఇంత అన్నాడు, బాగానే ఉందనిపించింది. 62తో గుణించి పైన 18 శాతం జీఎస్టీ వేసేసరికి, ఆ డబ్బుతో మా చెల్లే ఒకసారి ఇండియా వచ్చి బుక్కులన్నీ చదువుకుని వెళ్లిపోవచ్చు అనిపించింది. ఇంటికొచ్చి చెప్తే అమ్మ "ఏటి, కాయితాలకి అన్ని డబ్బులా" అంది. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ రెండు నెలలు తిరిగాను, ఆ తిరుగుడులో తెలిసినవే ఇక్కడ రాస్తున్నా. ఎవరింట్లోనైనా ఇలాంటి గోనెసంచులుంటే పనికొస్తాయి.

ముందు కాయితం ఎందుకంత బరువు అనేది చూద్దాం, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దీని మీదే నడుస్తాయి. మన తెలుగు బుక్కులు ఎక్కువగా డెమ్మీ సైజు, అంటే సుమారు 14 సెంటీమీటర్లు బై 21.5. 300 పేజీలంటే 150 కాయితాలు, 70 జీఎస్‌ఎం కాయితమైతే (అంటే చదరపు మీటరుకి 70 గ్రాములు) ఒక్కోటి రెండు గ్రాముల పైచిలుకు, అన్నీ కలిపి 316 గ్రాములు, అట్ట కూడా వేస్తే 340 అనుకోండి. అంటే కిలోకి మూడు బుక్కులు, గట్టి బైండింగైతే మూడు కూడా రావు. బీరువాలో రెండు అరలు చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటాయి, దించి కట్ట కడితే నడుం పడిపోతుంది.

కొరియర్లవాళ్లు రెండు బరువులు చూస్తారు, కాటా మీద బరువొకటి, బాక్సు సైజు బరువొకటి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది సైజు బరువు. రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు. పచ్చళ్లు, బొమ్మలు, దుప్పట్లు పంపేవాళ్లు బాక్సు చిన్నది చెయ్యమని మనకి సలహా ఇచ్చేది అందుకే. బుక్కులకి ఆ సలహా అస్సలు పనికిరాదు. 40, 30, 30 సెంటీమీటర్ల బాక్సు తీసుకుంటే సైజు బరువు 7.2 కిలోలే, కానీ అదే బాక్సు నిండా బుక్కులు పేరిస్తే 25 కిలోల దగ్గరికి పోతుంది. అంటే ఎంత నొక్కి కట్టినా, ఎంత తెలివిగా పేర్చినా ఒక్క రూపాయి తగ్గదు. విమానంలో మనం కొనుక్కునేది బరువు, బుక్కుల్లో ఉన్నది మొత్తం బరువే. ఓడలో కథ తిరగబడుతుంది, అక్కడ మామూలుగా కొనుక్కునేది చోటు, చోటు విషయంలో బుక్కులంత మంచి సరుకు లేదు. అందుకే పెద్దవాళ్లు ఎవర్నడిగినా "షిప్పులో వేసెయ్యండి, చవక" అంటారు. అది నిజమే, కానీ మనలాంటి వాళ్లకి కాదు, ఎందుకో చెప్తా.

వైజాగ్ ఇక్కణ్నుంచి 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచైనా 110 లోపే, అక్కడ పోర్టు ఉంది, కంటైనర్ టెర్మినల్ ఉంది, కాబట్టి మన సంచులు గేటు దగ్గర దింపేస్తే వెళ్లిపోతాయని నాకో భ్రమ ఉండేది. అక్కడ పనిచేసే మా బావమరిది నవ్వాడు. కంటైనర్ మొత్తం మనకక్కర్లేదు కాబట్టి నలుగురి సరుకు కలిపి వేసే పద్ధతిలో పంపాలి, దాన్ని ఎల్‌సీఎల్ అంటారు. అందులో రేటు క్యూబిక్ మీటరుకి లేదా టన్నుకి, ఏది ఎక్కువైతే అది, మామూలుగా కనీసం ఒక క్యూబిక్ మీటరుకి కట్టాలి. క్యూబిక్ మీటరంటే పైన చెప్పిన సైజు బాక్సులు 27, బుక్కులతో నింపితే 600 కిలోలు దాటుతాయి. నా దగ్గర ఉన్నది 62 కిలోలు, అంటే మూడు బాక్సులకి కూడా చాలదు. మిగతా 24 బాక్సుల చోటుకి గాలికి డబ్బు కట్టాలన్నమాట.

అది కూడా ఓడ కిరాయి ఒక్కటే. ఇక్కడ కస్టమ్స్ ఏజెంటు ఫీజు, అక్కడ దిగాక గోడౌన్ ఛార్జీ, టెర్మినల్ ఛార్జీ, క్లియరెన్స్ ఫీజు, ఇంటికి ట్రక్కు, అన్నీ విడివిడిగా తగులుతాయి. అమెరికాకైతే ఓడ ఎక్కించడానికి 24 గంటల ముందే అక్కడి కస్టమ్స్‌కి వివరాలు పంపాలి, ఆ ఫైలింగ్‌కి మళ్లీ ఫీజు. ఓడ కిరాయి తక్కువ చెప్పి మిగతాదంతా అవతలి ఊళ్లో వసూలు చేసే రకాలు ఉంటారు, మనం ఇక్కడ సంతోషంగా రసీదు తీసుకుంటాం, రెండు నెలలయ్యాక చెల్లెలు బిల్లు ఫోటో పంపి "ఇదేంటన్నయ్యా" అంటుంది. ఇంటి సామాను మొత్తం మార్చుకునేవాళ్లు, లేదా ఒక సంఘం వాళ్లు వాళ్ల లైబ్రరీకి నాలుగైదు వందల కిలోలు తెప్పించుకునేవాళ్లు ఓడ మాట ఎత్తాలి. అప్పుడు కూడా బుక్కులు చెక్కపెట్టెలో పెట్టకండి, పచ్చి చెక్కైతే వేడి ట్రీట్‌మెంట్ చేసిన ముద్ర ఉండాలి, ఐఎస్‌పీఎం 15 అని దానికో అంతర్జాతీయ రూలు ఉంది. అట్టపెట్టెకి ఆ గొడవ లేదు.

సరే, ఓడ కాదు. మరి పోస్టాఫీసు?

పోస్టు గురించి మాట్లాడేముందు ఒక మాట. ఎప్పుడో పదేళ్ల కిందట పంపినవాళ్ల సలహా వినకండి, ఎవర్నీ తప్పుపట్టట్లేదు గానీ ఈ మధ్య పోస్టులో చాలా మారిపోయింది. దేశంలో తిరిగే రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని వచ్చింది, 300 గ్రాములకి 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పైన ట్యాక్సులు. ఆ రేటు చూసి నేను ఎగిరి గంతేశాను, 62 కిలోలంటే 13 ప్యాకెట్లు, 1300 రూపాయలు! కౌంటర్లో ఆవిడ చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "అది మన దేశంలోనేనండీ" అంది. ఎవరైనా మీకు జ్ఞాన్ పోస్టులో అమెరికా పంపొచ్చని చెప్తే ఆ మెసేజి అక్కడే ఆపండి, ఇంకొకళ్లకి ఫార్వర్డ్ చెయ్యకండి. ఆ తర్వాత అదే ఏడాది రిజిస్టర్డ్ పోస్టు వెళ్లి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అమెరికా సంగతైతే ఇంకా వేరు, అక్కడ 800 డాలర్ల లోపు సరుకుకి సుంకం లేదన్న వెసులుబాటు తీసేసేసరికి మన పోస్టు 2025 ఆగస్టు 25 నుంచి అమెరికా బుకింగులు ఆపేసింది, సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకునే ఏర్పాటు చేసుకుని అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. కాబట్టి సంచి ఎత్తుకుని వెళ్లే ముందు ఒట్టి చేతులతో ఒకసారి హెడ్ పోస్టాఫీసుకి వెళ్లి, ఆ దేశానికి ఇప్పుడు ఏమేం తీసుకుంటున్నారో అడిగి రండి. సబ్ పోస్టాఫీసులో ఫారిన్ పార్సెల్ అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా హెడ్ ఆఫీసుకే వెళ్లండి.

అడగాల్సిన మొదటి మాట "పార్సెల్ రేటెంత" అని కాదు. 1874లో బెర్న్‌లో పుట్టిన ప్రపంచ తపాలా సంఘం రూల్స్‌లో అచ్చు కాయితాలకి మొదట్నుంచీ ప్రత్యేక మర్యాద ఉంది. మామూలు చిన్న ప్యాకెట్టు 2 కిలోలు దాటకూడదు, అదే బుక్కులైతే 5 కిలోల దాకా వెళ్లొచ్చు, అంధుల కోసం బ్రెయిలీలో ఉన్నవైతే 7 కిలోల దాకా మామూలు తపాలా ఖర్చు లేదు. ఒకే అడ్రసుకి, ఒకే మనిషికి బుక్కులు, పత్రికలు ఒక సంచి నిండా వేసి పంపితే దాన్ని ఎమ్ బ్యాగ్ అంటారు, 30 కిలోల దాకా. మన తపాలా శాఖ దానికి పెట్టిన పేరు బల్క్ బ్యాగ్. కాబట్టి "ప్రింటెడ్ బుక్స్ మాత్రమే ఉన్నాయి, ప్రింటెడ్ పేపర్స్ కింద గానీ బల్క్ బ్యాగ్ కింద గానీ ఈ దేశానికి ఇప్పుడు తీసుకుంటారా" అని అడగండి. తీసుకుంటారంటే మిగతా వ్యాసం చదవక్కర్లేదు, ఆ రేటు రాయించుకుని మిగతావాటితో పోల్చుకోండి చాలు. కాదంటేనే పార్సెల్ లెక్కలోకి వెళ్లాలి. మనం వెళ్లగానే పార్సెల్ అనేస్తాం, వాళ్లు పార్సెల్ రేటే చెప్తారు, అందులో వాళ్ల తప్పేం లేదు. ఇంకోటి, "సీ మెయిల్లో వెయ్యండి, మూడు నెలలకి వెళ్తుంది, సగం ధర" అని మావయ్యలు చెప్తుంటారు. అది ఇప్పుడు ఉందో లేదో కూడా కౌంటర్లోనే అడగండి. అమెరికా పోస్టు వాళ్లయితే అటు నుంచి ఓడ తపాలా 2007 మే నెలలోనే ఎత్తేశారు, చెల్లి తిరిగి ఏమైనా పంపాలన్నా ఆ దారి లేదు.

పోస్టులో పార్సెల్ దారి రెండు రకాలు, ఎయిర్ పార్సెల్ ఒకటి, ఈఎంఎస్ అనే విదేశీ స్పీడ్ పోస్టు ఒకటి. ఎయిర్ పార్సెల్ ఒక్కోటి 20 కిలోల దాకా. రెండిట్లోనూ రేటు కట్టే తీరు చూడండి, మొదటి 250 గ్రాములకి ఇంత, తర్వాత ప్రతి 250 గ్రాములకి ఇంత. అంటే మొదటి మెట్టు ఒక్కటే ఎత్తు, తర్వాత అన్నీ సమానం. ప్రైవేటు కొరియర్లో అలా కాదు, చాలామంది ఏజెంట్లు 10 కిలోలు దాటితే ఒక రేటు, 20 దాటితే ఇంకా తక్కువ రేటు అంటారు. ఈ తేడా తెలిస్తే బాక్సులు ఎలా చెయ్యాలో తెలుస్తుంది. పోస్టులో 20 కిలోల బాక్సుని రెండు పదులుగా విడగొడితే ఒక మొదటి మెట్టు మాత్రమే అదనం, పెద్ద నష్టం లేదు, పైగా ఒకటి పోయినా ఒకటి చేరుతుంది. కొరియర్లో అదే పని చేస్తే స్లాబు కిందికి పడిపోయి మొత్తానికి రేటు మారిపోతుంది, అక్కడ ఒకే బుకింగు కింద అన్ని బాక్సులూ వెయ్యమని, మొత్తం బరువుకి స్లాబు ఇవ్వమని బేరం ఆడాలి. ఆడితే ఇస్తారు. ఊరికే అడిగితే ఇవ్వరు.

ఏజెంటు చెప్పే రేటు గురించి కూడా. మన ఊరి ఏజెంటు సొంతంగా విమానం ఎక్కించడు, నలుగురి సరుకు పోగేసి పెద్ద ఊరికి పంపుతాడు, అక్కడ పెద్ద కంపెనీ ఖాతాలో డిస్కౌంటు మీద వెళ్తుంది. అందులో తప్పులేదు, మనకి తక్కువ పడేదే దానివల్ల. కానీ నాలుగు విషయాలు కాయితం మీద రాయించుకోండి: జీఎస్టీ కలిపారా, బరువు ఎక్కడ తూచింది ఖాయం, అక్కడ సుంకం వస్తే ఎవరు కట్టాలి, లోపల ఏముందని రాస్తున్నారు. నాకు తెలిసిన ఒకాయన, పేరెందుకు, నా మొదటి చిన్న బాక్సు మీద బట్టలు అని రాసేశాడు, అలవాటు మీద. నేను చూసి గోల చేస్తే "ఏదైతే ఏటండి, వెళ్లిపోద్ది" అన్నాడు. వెళ్లిపోదు, ఆ తేడాకి డబ్బు ఉంది. అచ్చు పుస్తకాల హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్లు సరుకుని గుర్తుపట్టే నంబరు, 4901, ఆ కోడ్ కింద అమెరికాలో మామూలు సుంకం సున్నా. పుస్తకాలు, పత్రికలు లాంటి సమాచార సామగ్రిని ఎమర్జెన్సీ ఆర్థిక ఆంక్షల్లోంచి మినహాయిస్తూ వాళ్లకి 1988 నుంచి చట్టంలోనే ఒక సవరణ ఉంది. బట్టలకి ఆ అదృష్టం లేదు, బట్టలకి దాదాపు ఎప్పుడూ సుంకమే. కాబట్టి ఫారంలో ప్రింటెడ్ బుక్స్, తెలుగు, ఎన్ని కాపీలు, 4901 అని మీ చేత్తో రాసి ఇవ్వండి. ఇంగ్లండులో బుక్కులకి వ్యాట్ సున్నా. యూరప్ దేశాల్లో మాత్రం 2021 జూలై నుంచి ఎంత చిన్న పార్సెల్ కొన్నా వ్యాట్ ఉంది, బుక్కులకి చాలాచోట్ల తక్కువ శాతం, జర్మనీలో 7.

విలువ రాయడం ఇంకో తమాషా. నాన్న బుక్కుల్లో సగం వాటి మీద వెల రూ. 4-50 అనో, పన్నెండు రూపాయలనో ఉంది. అదే రాస్తే 20 కిలోల బాక్సు విలువ ఐదొందలు, చూసినవాడు నమ్మడు. ఇవాళ పాత పుస్తకాల షాపులో ఎంతకి దొరుకుతాయో ఆ ధర వేసి, పాతవి, సొంతవి, అమ్మకానికి కాదు అని రాశాను.

ఇక అసలు ప్రమాదం ఇంట్లోనే ఉంది. నేను బాక్సు సర్ది టేపు కోసం బజారుకి వెళ్లొచ్చేలోగా అమ్మ బుక్కుల సందుల్లో పలాస జీడిపప్పు అరకిలో, జంతికలు ఒక కవరు, మధ్యలో టవల్ చుట్టి ఆవకాయ సీసా పెట్టేసింది. "చోటుంది కదా నాయనా, ఖాళీగా ఎందుకు" అంటుంది. అమ్మతో వాదించి గెలిచినవాడు లేడు గానీ ఈ ఒక్కసారి గెలవాలి. తినే వస్తువు ఒక్కటి ఉన్నా అమెరికాలో అది ఆహారం కింద లెక్క, ముందుగా అక్కడి ఎఫ్‌డీఏ (ఆహారం, మందుల మీద నిఘా పెట్టే సంస్థ)కి నోటీసు వెళ్లాల్సి రావచ్చు, వెళ్లకపోతే బాక్సు మొత్తం ఆగిపోవచ్చు. ప్రింటెడ్ పేపర్స్, బల్క్ బ్యాగ్ రేట్లయితే బుక్కులు తప్ప ఇంకోటి ఉంటే అసలు వర్తించవు. ఇవన్నీ పక్కన పెట్టినా నూనె కారిందంటే ఇన్నేళ్లు నాన్న అట్టలు వేసి దాచిన బుక్కులకి ఆవకాయ బైండింగ్ అవుతుంది. పచ్చడికి వేరే బాక్సు, వేరే ఏజెంటు.

ఈ లెక్కలన్నీ అయ్యాక నాకు అర్థమైంది ఏంటంటే, 62 కిలోల్ని చవగ్గా పంపే దారి వెతకడం కంటే 62ని తగ్గించడం తేలిక. చెల్లితో వీడియో కాల్ పెట్టి ఒక్కో బుక్కు చూపిస్తూ మూడు రాత్రులు కూర్చున్నాం. ప్రతి బుక్కుకీ ఒకటే ప్రశ్న, ఇది నాన్నదా, లేక బుక్కా? నాన్నదంటే ఆయన మార్జిన్లో రాసుకున్న నోట్సు, సంతకం, ఎవరో శిష్యుడు ఇచ్చిన అభినందన, మధ్యలో పెట్టిన బస్సు టికెట్టు, అలాంటివి. అవి వెళ్లాలి. ఒట్టి బుక్కైతే దాని నకలు ఇంకెక్కడైనా దొరుకుతుందా చూడాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, అలా 17 కిలోలు తేలిపోయాయి, అవి నా బీరువాలోనే ఉంటాయి. పాత కథల పత్రికలు 9 కిలోలు ఉన్నాయి, వాటికి డాలస్ కంటే శ్రీకాకుళమే దగ్గరనిపించింది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం అక్కడ ఉంది కదా, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా పోగు చేసే చోటు, వాళ్ల దగ్గర లేని సంచికలు ఉంటే ఇద్దామని జాబితా రాసి పెట్టాను. ఈ మాటకి చెల్లి వెంటనే ఒప్పుకుంది, నేనే కొంచెం ఆగాను నిజానికి.

మిగిలింది 36.

అందులో 8 కిలోలు మనిషి చేతికి ఇచ్చాం. అమెరికా టికెట్లలో ఎకానమీకి చాలా ఎయిర్‌లైన్స్ 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తాయి, ఒక్కో పెట్టె 32 దాటితే అసలు తీసుకోరు. మన పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్లేది ఆగస్టులో, డిసెంబరు జనవరుల్లో, అప్పుడు వాళ్ల పెట్టెల్లో కుక్కరు, కందిపొడి ఉంటాయి, బుక్కులు పెట్టమని అడిగితే మొహం అదోలా పెడతారు. అడగాల్సింది పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల్ని, లేదా ఇండియా వచ్చి తిరిగెళ్లేవాళ్లలో ఒక పెట్టె ఖాళీగా ఉన్నవాళ్లని. బుక్కులు ఇచ్చేటప్పుడు కట్ట కట్టి సీలు వెయ్యకండి, విప్పి చూపించి వాళ్ల చేతే పెట్టెలో సర్దించండి, ఎయిర్‌పోర్టులో "మీరే ప్యాక్ చేసుకున్నారా" అంటే వాళ్లు ధైర్యంగా అవుననాలి. ఎవరైనా దగ్గరివాళ్లే వెళ్తుంటే మూడో పెట్టెకి ఎయిర్‌లైన్ సైటులో ముందే డబ్బు కట్టేస్తే ఎంతో చూడండి, ఆ ధరని 23తో భాగించి కొరియర్ కిలో రేటు పక్కన పెట్టుకోండి. ఆశ్చర్యంగా చాలాసార్లు పెట్టే గెలుస్తుంది.

మిగతా 28 కిలోలు రెండు బాక్సులు, ఒక్కోటి 14. కావాలనే చిన్నవి తీసుకున్నాను, 30, 25, 25 సెంటీమీటర్లవి ఐదు పొరల అట్టవి. బుక్కుల బాక్సు పెద్దదైతే మోసేవాడు మొయ్యడు, పడేస్తాడు, మూల పగిలిందంటే మొత్తం జారిపోతుంది. మన తీరప్రాంతం గాలికి కాయితం చెమ్మ పీల్చి ఉంటుంది కాబట్టి రెండు రోజులు నీడలో ఆరబెట్టి, చిమటలు లేకుండా దులిపి, ఐదారు బుక్కుల చొప్పున ప్లాస్టిక్ కవర్లో చుట్టి, వెన్నులు బయటికి రాకుండా పడుకోబెట్టి పేర్చాను. పైన ఖాళీ ఉంటే నలిపిన పేపరు కూరాలి (జీడిపప్పు కాదు). అడ్రసు కాయితం లోపల కూడా ఒకటి వెయ్యండి. తూచేటప్పుడు టేపుతో సహా తూచండి, 14 కిలోల 50 గ్రాములైతే తర్వాత మెట్టుకి కడతారు, నేను ఒక చిన్న శతకం తీసి జేబులో పెట్టుకుని ఆ మెట్టు తప్పించాను.

ఒక్క హెచ్చరిక. నాన్న పెట్టెలో అడుగున, వాళ్ల తాతగారిది, ఒక తాళపత్రాల కట్ట దొరికింది. చెల్లి అది కూడా అడిగింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతి 75 ఏళ్లు దాటితే పురావస్తువు కింద లెక్క, అలాంటివి మనలాంటి వాళ్లు దేశం దాటించకూడదు, బుక్కుల మధ్య పెట్టి పంపితే అది కస్టమ్స్ కేసు. మిగతా వస్తువులకి ఆ గీత వందేళ్ల దగ్గర ఉంది, బాగా పాత అచ్చు పుస్తకాలున్నవాళ్లు కూడా పురావస్తు శాఖ వాళ్లని అడిగాకే కదపండి. ఆ కట్టని ఒక్కో ఆకూ కిటికీ దగ్గర పెట్టి ఫోన్లో ఫోటో తీసి చెల్లికి పంపాను, 43 ఆకులు, రెండు వైపులా. ఫోటోలన్నీ చూసి "ఏం రాసుందన్నయ్యా" అంది. చదివేవాళ్లని ఇప్పుడు విజయనగరం సంస్కృత కాలేజీలో వెతుకుతున్నాను.